రెన్ అండ్ మార్టిన్ పాఠకాభిప్రాయ సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం: రెన్ అండ్ మార్టిన్ ఉత్తమము, పాతది, అయినను కొనవలెను.

అవతారిక: పర్సివల్ క్రిస్టఫర్ రెన్, హెచ్. మార్టిన్ అనే ఇద్దరు 1930ల నడుమ రచించగా, తర్వాత ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించగా, ఎస్. చాంద్ వారు నేటికీ అచ్చువేస్తున్న ‘హైస్కూల్ ఇంగ్లిష్ గ్రామర్ అండ్ కాంపొజిషన్’ గురించి పాఠకలోకం చెప్పే అభిప్రాయాలన్నిటినీ వడగడితే మిగిలే సూత్రమిది. దీనికి కర్త ఎవరో తెలియదు. మేనమామలు, ట్యూషన్ మాస్టార్లు, రిటైరైన హెడ్‌క్లర్కులు అందరూ దీనికి ద్రష్టలే. ‘రెన్ అండ్ మార్టిన్’ ద్వంద్వ సమాసమైనా లోకంలో ఏకవచనంగానే చెల్లుతోంది. ఇద్దరు దొరలు కలిసి ఒక పుస్తకమైపోయారు. అందులో మొదటి దొర ఫ్రెంచి ఫారిన్ లీజియన్ సిపాయిల మీద ‘బో జెస్ట్’ అనే సాహస నవల 1924లో రాశాడనీ, అది పలుమార్లు సినిమాగా వచ్చిందనీ చెబితే, ఆయన వాయిస్ మార్చమని వేధించిన పిల్లలెవరూ చప్పున నమ్మరు.

తాత్పర్యం: పుస్తకం మంచిది, కాలం చెల్లింది, కొనుక్కో. ఇంతవరకూ తేటగానే ఉంది. చిక్కంతా మొదటి రెండు మాటలూ ఒకే నోటివెంట ఎలా వస్తాయన్న దగ్గరే. భవిష్యత్కాలంలో ‘ఐ’, ‘వీ’ల పక్కన ‘షల్’ రావాలి, ‘విల్’ రాకూడదు అన్న నియమాన్ని తీసుకుందాం. ఈ పుస్తకం పేరు చెప్పి పెద్దలు పిల్లల్ని దిద్దే నియమాల్లో ఇది ముఖ్యమైనది. అయితే సవరించిన ముద్రణలో ఆ అధ్యాయం తెరిస్తే, ఈ రోజుల్లో ‘ఐ విల్’తో పోలిస్తే ‘ఐ షల్’ వాడుక తక్కువని పుస్తకమే ఒప్పుకుంటుంది. అంటే గ్రంథం దిగివచ్చింది, భక్తులు దిగిరాలేదు. కనుక ‘ఉత్తమము’ అన్న పొగడ్త పుస్తకంలో ఉన్నదానికి చెందదనీ, పుస్తకానికున్న అధికారానికి చెందుతుందనీ వ్యాఖ్యాత మతం. పాతది కావడం ఇక్కడ లోపం కాదు, అధికారానికి అదే ఆధారం.

ఈ మతానికి బలం మన ఇంట్లోనే ఉంది. తెలుగు విషయంలో మనం గిడుగు రామమూర్తి పంతులు పక్షం. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం, వ్యవహారమే ప్రమాణమంటాం, 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పినట్టు ఈనాడు ఎవరు రాస్తారని నవ్వుతాం. అదే మనిషి ఇంగ్లీషు గడప తొక్కగానే చిన్నయసూరికి పెద్ద శిష్యుడైపోతాడు. లండన్‌లో జనం ఎలా మాట్లాడినా సరే, రెన్ అండ్ మార్టిన్‌లో లేదు కాబట్టి అది తప్పంటాడు. గ్రాంథికవాదం తెలుగునాట ఓడిపోయిందని చరిత్రకారులు రాశారు గానీ, అది ఇంగ్లీషులోకి కాపురం మార్చిందని ఎవరూ గమనించినట్టు లేదు.

ఇక్కడ పూర్వపక్షి లేచి అంటాడు: అయ్యా, తల్లి ఒడిలో వచ్చిన భాషకు వ్యవహారం చాలు, పరభాషకు నియమాలు లేకపోతే ఎలా? ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. చెవిన పడని భాషను నేర్చుకోవాలంటే కాళ్లూనడానికి ఏదో నేల కావాలి. నౌన్ నుంచి కాంపొజిషన్ దాకా అధ్యాయం వెంట అభ్యాసాలు పేర్చిన ఈ పుస్తకం ఇంగ్లీషు మాటే వినబడని ఊళ్లలో ఎందరికో ఆ నేలయింది. ఇప్పటికీ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లో యాక్టివ్‌ను పాసివ్‌గా, డైరెక్ట్‌ను ఇండైరెక్ట్‌గా మార్చమని అడుగుతూనే ఉన్నారు. ఆ పని దీనంత ఓపికగా చేయించే పుస్తకాలు తక్కువ. ‘చదివాను, ఉద్యోగం వచ్చింది’ అనే పాఠకుడి మాటలో అతిశయోక్తి లేదు. ‘చదివాను, నోరు పెగల్లేదు’ అనే పాఠకుడి మాటలో అబద్ధమూ లేదు. వాక్యాన్ని తిరగేయడం నేర్పే పుస్తకం సంభాషణ నేర్పలేదని అలగడం, పంచాంగంలో వంటలు లేవని అలిగినట్టు. కానీ నేర్చుకోవడానికి నియమం కావాలన్నంత మాత్రాన ఎదుటివాణ్ణి తూచడానికీ అదే కావాలని సిద్ధించదు. పైగా గిడుగు పరభాష నేర్చుకున్న పద్ధతి చూడండి. సవర ఆయన మాతృభాష కాదు. సవరలను పిలిచి కూర్చోబెట్టుకుని, వాళ్లు మాట్లాడింది విని నేర్చుకుని, దాని వ్యాకరణం తానే రాశాడు. అది 1931లో అచ్చయింది.

పూర్వపక్షి ఇంకా కూర్చోడు: సరే, వ్యవహారమే ప్రమాణం. ఎవరి వ్యవహారం? లండన్‌దా, అమెరికాలో ఉన్న మేనల్లుడిదా, మీటింగును ‘ప్రీపోన్’ చేసే మన ఆఫీసులదా? ఇది గట్టి దెబ్బ. శిష్టవ్యవహారం అన్నప్పుడు తెలుగులో శిష్టులెవరో తేల్చడానికే ఏళ్లపాటు పోట్లాడుకున్నాం. ఇంగ్లీషులో ఆ పోట్లాటకు దిగే ధైర్యం మనకు లేదు. అందుకే అంపైరును కొనుక్కున్నాం. ఆయన దిద్దుబాటు చేసుకుంటే వినం, ఎందుకంటే మాట మార్చే అంపైరు మనకు పనికిరాడు. ‘ఉత్తమము’, ‘పాతది’ అనే మాటలకు ఇలా అన్వయం కుదురుతుంది.

విశేషం: బాలవ్యాకరణానికి గుప్తార్థప్రకాశిక, రమణీయం వంటి వ్యాఖ్యలు పుట్టాయి. సూత్రం ఎందుకలా ఉందో, ఎక్కడ పొసగదో అవి చర్చించాయి. రెన్ అండ్ మార్టిన్‌కు పుట్టింది కీ. అందులో జవాబు ఉంటుంది, వాదం ఉండదు. పాఠకుల ఫిర్యాదు మాత్రం కీ విడిగా కొనాల్సి వస్తోందనే. ఇక ‘కొనవలెను’లో కర్త లోపించింది. ఎవరు కొనవలెను? సిఫారసు చేసేవారిలో ‘ఇప్పుడు చదువుతున్నాను’ అనేవాడు అరుదు కాబట్టి, ఇతరుల పిల్లలు అని అధ్యాహారం చేసుకోవాలి.