అయిదు వేలమంది అన్నదమ్ములు

మా కవిమిత్రుడి ఫేస్‌బుక్ ఖాతా నిండిపోయింది. అక్కడ ఒక మనిషికి 5,000 మందికి మించి స్నేహితులు ఉండకూడదని నియమం. ఆయన వెంటనే పోస్టు పెట్టాడు: "జాబితా ప్రక్షాళన చేశాను. మిగిలినవాళ్లంతా నావాళ్లు." ఉద్వాసన తప్పినవాళ్లు కింద బారులు తీరి "ధన్యుణ్ణి అన్నా!" అన్నారు. సర్వదర్శనం క్యూలోంచి బయటపడినవాడు కూడా అంత పొంగిపోడు.

అక్కడ వరసలకు కొదవలేదు. మొహానికి బదులు మందారపువ్వు పెట్టుకున్నా అక్కే. సొంత అన్న ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా" అని పెట్టేసేవాడు, ఈ అన్న కాఫీకప్పు ఫొటో పెడితే నిమిషంలో గుండె బొమ్మ కొడతాడు. రక్తసంబంధం కంటే అక్షరసంబంధమే గట్టిదని మా కవి సిద్ధాంతం. దానికి వందల్లో లైకులొచ్చాయి కాబట్టి రుజువైనట్టే.

రాబిన్ డన్బార్ అనే బ్రిటిష్ పరిశోధకుడికి ఈ సిద్ధాంతం అందినట్టు లేదు. మనిషి నిలుపుకోగలిగిన సంబంధాలు 150కి అటూ ఇటూ అని 1990ల్లోనే లెక్కగట్టాడు. 2016లో ఆయనే ప్రచురించిన సర్వేలో ఫేస్‌బుక్ వాడే బ్రిటన్‌వాళ్ల జవాబులు చూస్తే, కష్టకాలంలో ఆసరా అవుతారని వాళ్లు నమ్మేది సగటున నలుగురినేనట. ఈ అంకె కోసం అంత శ్రమ దేనికి? పాడె మోయడానికి ఎంతమంది కావాలో మా నాయనమ్మకు తెలుసు. ఫేస్‌బుక్ పుట్టిన 2004లోనే మనకు 'ఆ నలుగురు' సినిమా వచ్చింది. ఎవరి లెక్క వాళ్లది.

కవిగారి పుస్తకావిష్కరణకు మూడొందలమంది "వస్తున్నా అన్నా" అని రాశారు. ఆ మాట నమ్మి ఆయన అన్ని సమోసాలూ చెప్పాడు. హాల్లో పందొమ్మిదిమందిమి తేలాం. అందులో వక్తలు అయిదుగురు, మైకతను ఒకడు, బావమరిది కుటుంబం. ఇంకొకాయన ఎదురింటి పెద్దమనిషి. ఫేస్‌బుక్ లేదు, కవిత్వం గిట్టదు, పైగా పార్కింగు గొడవతో ఏడాదిగా మాటల్లేవు. అయినా పుస్తకాల పెట్టె మూడంతస్తులు దింపి, ఆటోలో పెట్టించి, తనూ ఎక్కి వచ్చాడు.

అలాగని తెరమీది పరిచయాలన్నీ ఉత్తుత్తివని అంటే కళ్లు పోతాయి. 2021 వేసవిలో ఆక్సిజన్ సిలిండరు కావాలని ఒక్క మెసేజి పెడితే, ముక్కూమొహం తెలియనివాళ్లు అర్ధరాత్రి ఊరంతా ఫోన్లు చేశారు. కాకపోతే వాళ్లెవరూ "అన్నా" అనలేదు. ఏ ఆస్పత్రి, ఏ వార్డు అని అడిగారు. పని కాగానే ఇంకో నంబరుకు ఫోన్ కలిపారు.

పుస్తకావిష్కరణ రాత్రి కవిగారు సభ ఫొటోలు పెట్టాడు. వేదికే తప్ప కుర్చీలు కనబడకుండా తీయించాడు. "మిస్సయ్యాను అన్నా, కానీ అక్కడే ఉన్నట్టుంది" అని రెండొందలమంది కన్నీళ్లు పెట్టుకున్నారు. ఎదురింటాయన మాత్రం ఏమీ రాయలేదు. మిగిలిన సమోసాలు వాచ్‌మన్ పిల్లలకు పంచుతున్నాడు.

వచ్చే ఆదివారం ఇంకో మిత్రుడి పుస్తకావిష్కరణ ఉందట. "తప్పకుండా వస్తాను అన్నా!" అని నేనూ ఇప్పుడే రాసి, మూడు గుండెలు తగిలించాను. ఆ పూట క్రికెట్ మ్యాచ్ ఉందేమో చూడాలి.