ద్రోణుడు ఒక్కసారే అడిగాడు

ఏకలవ్యుడి బొటనవేలు ద్రోణుడు ఒక్కసారే అడిగాడు. మన పాలకులు అంత కఠినులు కారు. వేలిని చేతికే ఉండనిచ్చి, సర్వేకోసారి వచ్చి అడుగుతుంటారు. అమృతలూరు మండలంలో మోపర్రు వెళ్లండి, ఇంటూరు వెళ్లండి, గోవాడ వెళ్లండి. గ్రామ సచివాలయం కుర్రాడు ఫోనూ, వేలిముద్రల యంత్రమూ పట్టుకుని ఏదో ఒక గుమ్మంలో నిలబడి ఉంటాడు. నాట్లు వేసి, కలుపు తీసి గీతలరిగిన వేలిని ఆ యంత్రం పోల్చుకోలేదు. "మామ్మా, చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టు." పడదు. "పోనీ, ఫోన్లోకి చూసి కళ్లార్పు." ఆవిడ ఆర్పుతుంది, సర్వర్ ఆరిపోతుంది. డెబ్బయ్యేళ్లుగా ఊరంతా ఎరిగిన మనిషి ఆ పూటకి పుట్టనట్టే లెక్క.

సర్వేలకి కొత్త సాంకేతిక పద్ధతులు కావాలని పరిశోధనలు చేస్తున్న పెద్దలారా, మీ కష్టం వృథా పోలేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణ బస్సులాపి, సెలవిచ్చి, ఒక్కరోజులో జనాన్ని కాగితాల మీదికి ఎక్కించింది. 2016 జులై 8న ఆంధ్రప్రదేశ్ ట్యాబులతో ప్రజాసాధికార సర్వే మొదలెట్టింది. తర్వాత వాలంటీర్లొచ్చారు. 2024 జనవరిలో కులగణన యాప్‌లోకి వెళ్లింది. 2025లో పీ4 సర్వే అన్నారు, కౌశలం సర్వే అన్నారు. 2021లో జరగాల్సిన జనగణన 2027కి వాయిదా పడి, అదీ మొబైల్లోకే చేరింది. కాగితం పోయి ట్యాబు, ట్యాబు పోయి ఫోను. ఇంట్లో ఎంతమంది, ఏం చదివారు, ఏం చేస్తారు అనే ప్రశ్నలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ మధ్యలో 2022 ఏప్రిల్ 4న అమృతలూరు మండలమే గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాకి మారింది. చాలా ఆధార్ కార్డుల్లో గుంటూరు ఇంకా ఖాళీ చెయ్యలేదు, అది వేరే సంగతి.

మళ్లీ మళ్లీ అడగడం తప్పేం కాదు. 1930ల చివర్లో బెంగాల్లో జనపనార పంటను లెక్కకట్టేటప్పుడు గణాంకవేత్త మహలనోబిస్ ఒక పని చేశాడు. ఒకే ప్రాంతానికి రెండు బృందాలను వేరువేరుగా పంపాడు. రెండు లెక్కలూ పక్కన పెట్టుకుని, కొలిచినవాడి తప్పెంతో పట్టుకున్నాడు. మన దగ్గర ఈ పద్ధతి ఎవరూ చెప్పకుండానే నడుస్తోంది. ఒకే ఇంటికి వ్యవసాయశాఖ వస్తుంది, ఆశా కార్యకర్త వస్తుంది, అంగన్‌వాడీ టీచరొస్తుంది, సచివాలయం వస్తుంది. ఆ లెక్కలు పక్కపక్కన పెట్టి చూడటమొక్కటే మిగిలిపోయింది. మహలనోబిస్ దగ్గర చేరి ప్రపంచానికి పాఠం చెప్పిన సి.ఆర్. రావు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివినవాడే. కాబట్టి మనకి తెలీదనడానికి లేదు.

ఇక పంటల నమోదు యాప్ ఈ-క్రాప్. దీని ముందు దండం పెట్టాల్సిందే. చేలో నిలబడి ఫొటో తీస్తేగానీ యాప్ ఒప్పుకోదు. వరి అయితే వరి, మినుము అయితే మినుము, అక్షాంశ రేఖాంశాలతో సహా పట్టేస్తుంది. పొలం ఎవరిదంటే వెబ్‌ల్యాండ్ భూరికార్డు చూసి పట్టాదారు పేరు చెబుతుంది. ఆ పట్టాదారు హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉంటాడు. బురదలో దిగినవాడు కౌలురైతు. 2019 చట్టం కింద అతనికి సాగుదారు హక్కు కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. అడిగితే కౌలే పోతుందేమోనని ఇతని భయం. ఈ భయాలకి అక్షాంశ రేఖాంశాలు లేవు, యాప్‌కి అందవు. తుపానొచ్చి చేను పడిపోయాక, ధాన్యం అమ్మబోయాక, పేరెవరిదో అప్పుడు తెలుస్తుంది. రేపు డ్రోను కూడా వస్తుంది. పైనుంచి దానికి చేను ఎంత పచ్చగా ఉందో కనిపిస్తుంది, ఎకరానికి కౌలు ఎన్ని బస్తాలో కనిపించదు.

ఇళ్లకి వెళ్లడం ఎందుకు, ఫోన్లోనే అడిగేద్దామనే మేధావులూ ఉన్నారు. "సేవలు బాగుంటే ఒకటి నొక్కండి." మందు కొట్టే స్ప్రేయర్ భుజానున్నవాడు ఎర్ర గుర్తు నొక్కుతాడు. పని లేనివాడు ఒకటి నొక్కుతాడు, మనకి సంతృప్తి శాతం వస్తుంది. అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 1936లో టెలిఫోను డైరెక్టరీలూ, కార్ల జాబితాలూ ముందేసుకుని కోటి మందికి కార్డులు పంపింది. 24 లక్షల జవాబులొచ్చాయి. అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ గెలుస్తాడంది, రూజ్‌వెల్ట్ 48లో 46 రాష్ట్రాలు గెలిచాడు. రెండేళ్లలో పత్రిక మూతపడింది. ఆ సౌకర్యం మన శాఖలకి లేదు.

కనుక పరిశోధకులకి ఓ చిన్న అంశం. కిందటి సర్వేలో మామ్మ చెప్పిన జవాబులేమిటి, వాటిని చూసి ఏ అధికారి ఏ పని చేశాడు అన్నది ఒక కాగితం మీద రాసి, కొత్త సర్వే మొదలెట్టే ముందు సచివాలయం గోడకి అంటించండి. లబ్ధిదారుల జాబితాలు ఎలాగూ అక్కడే అంటిస్తున్నారు. దీనికి సర్వర్ అక్కర్లేదు, మైదాపిండి జిగురు చాలు.