మొదటి మూడు రౌండ్లూ లైన్‌మెన్‌కే

ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ ఉందనగానే ఎన్‌ఎఫ్‌ఎల్ అభిమానులు రిసీవర్ల వీడియోల మీద పడతారు. ఒంటిచేతి క్యాచ్‌లు, గాల్లో విన్యాసాలు. చూడకండి. డ్రాఫ్ట్ ముగిసేదాకా ఒక్క రిసీవర్ వీడియో కూడా తెరవకండి. జట్టు నడిపే జనరల్ మేనేజర్‌కైనా, డాలస్‌లో కూర్చుని సొంత జాబితా రాసుకునే మన తెలుగు అభిమానికైనా నా మొదటి సలహా ఇదే.

రౌండ్లు ఏడు. మొదటి మూడూ ఆఫెన్సివ్ లైన్‌మెన్‌కే ఇచ్చేయండి. సెంటర్, ఇద్దరు గార్డులు, ఇద్దరు టాకిల్స్. ఈ ఐదుగురు నిలబడితేనే క్వార్టర్‌బ్యాక్ తలెత్తి చూడగలడు. గోడ ఉంటే కదా చిత్తరువు! ఐదుగురూ ఉన్నారు కదా అని ఆగిపోవద్దు, ఆరో వాణ్ణీ ఏడో వాణ్ణీ కూడా తెచ్చుకోండి. 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్‌కు టాకిల్స్ ఫిషర్, ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో దూరమయ్యారు. క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ ఆటంతా ప్రాణం అరచేత పట్టుకుని పరిగెత్తాడు. టైరీక్ హిల్ లాంటి మెరుపు వీరుడు ఉండి కూడా ఒక్క టచ్‌డౌన్ లేదు, 31-9తో ఓటమి. ఆ ఏడాదే వాళ్లు లైన్‌ను కొత్తగా కట్టుకున్నారు, రెండో రౌండ్‌లో సెంటర్ క్రీడ్ హంఫ్రీని తీసుకున్నారు. 2022లో హిల్‌ను మయామీకి పంపేశారు. 2023 ఫిబ్రవరిలో కప్పు వాళ్లదే. సీజన్‌లో 70 శాక్‌లు, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను 70 సార్లు పట్టి పడేసిన ప్రత్యర్థి ఈగల్స్‌కు ఆ రాత్రి మహోమ్స్ మీద ఒక్కటీ దక్కలేదు.

డెట్రాయిట్ లయన్స్ సంగతి చూడండి. 2003, 2004, 2005లలో వరుసగా మొదటి రౌండ్‌లో రిసీవర్లే. 2007లో మళ్లీ రిసీవరే, కాల్విన్ జాన్సన్. 2008లో పదహారు ఆడి పదహారూ ఓడారు. జాన్సన్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు కానీ ప్లేఆఫ్స్‌లో ఒక్క గెలుపూ చూడలేదు.

ఇక అందరూ నా ముఖాన కొట్టే పేరు రిసీవర్ జమార్ ఛేజ్. 2021లో సిన్సినాటి ఐదో పిక్‌తో టాకిల్ పెనే సూవెల్‌ను కాదని ఛేజ్‌ను తీసుకుంది. క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు దెబ్బతిని అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు. ఛేజ్ 1,455 గజాలు సాధించాడు, జట్టు సూపర్ బౌల్‌కు వెళ్లింది. అయినా నేను ఒప్పుకోను. టైటన్స్ మీద గెలిచిన రోజున బరో మీద 9 శాక్‌లు, ఫైనల్లో 7. ఆ ఫైనల్లో చివరి ప్రయత్నం గుర్తు చేసుకోండి. అవతల ఛేజ్‌ను కాపలా కాసే రామ్సే జారిపడ్డాడు, ఛేజ్ ముందంతా ఖాళీ. బరో అటు విసిరేలోపే ప్రత్యర్థి లైన్‌మన్ ఆరన్ డోనాల్డ్ వచ్చి పట్టేసి గిర్రున తిప్పాడు. 23-20తో కప్పు పోయింది. సూవెల్ ఉంటే అది సిన్సినాటిదే అని ఈనాటికీ అంటాను.

లైన్‌మన్‌ను ఎంచేటప్పుడు బంతి వైపు చూడొద్దు, పాదాలు చూడండి. బంతి కదలగానే ఎడమ టాకిల్ వెనక్కీ పక్కకీ జరగాలి, కాళ్లు పెనవేసుకోకూడదు. దూసుకొచ్చేవాడి ఛాతీ మీద అరచేతులు లోపలి నుంచి పడాలి. నడుం వంగి తల ముందుకు వాలిందా, పేరు కొట్టేయండి. నలభై గజాల పరుగు టైమింగ్ మాత్రం అడగొద్దు. అది రిసీవర్ల మోజు.

మరి రిసీవర్లో? ఐదో రౌండ్ దాకా ఆగండి, దొరుకుతారు. 2023లో పూకా నకువా ఐదో రౌండ్‌లో, 177వ పిక్‌గా వచ్చి 1,486 గజాలతో రూకీ రికార్డు కొట్టాడు. ఆంటోనియో బ్రౌన్ 2010లో ఆరో రౌండ్ వాడు. అంతకు ముందే రిసీవర్ పేరెత్తిన స్కౌట్‌ను గదిలోంచి బయటికి పంపండి.

ఈసారి మీ జాబితాలో పై మూడు గడుల్లో టాకిల్, గార్డ్, సెంటర్ అని రాయండి. బోర్డు మీద ఎంతటి రిసీవర్ మిగిలినా కొట్టివేతలు వద్దు.