పన్ను లేని పరీక్ష

దంతవైద్యుడు కాగోరు ఒడిశాలోని కోరాపుట్, రాయగడ సీమల తెలుగు విద్యార్థి మొట్టమొదట చేయవలసిన పని, దంతములను గూర్చి తనకు తెలిసినదంతయు మరచిపోవుట. ఈ మాట విని పెద్దలు నొసలు చిట్లింతురేమో గాని, నేను పరిహాసమునకు చెప్పుట లేదు. నీట్ అను జాతీయ ప్రవేశపరీక్షలో ప్రశ్నలు 180, మార్కులు 720, కాలము మూడు గంటలు. అందు భౌతికశాస్త్రమునకు 45, రసాయనశాస్త్రమునకు 45 పోగా, తక్కిన 90 ప్రశ్నలు జీవశాస్త్రమునవి. మానవుని దవడలో ఒక్కొక్క ప్రక్క రెండు, ఒకటి, రెండు, మూడు చొప్పున దంతములమరియుండు వైనమును తెలుపు దంతసూత్రము పదునొకండవ తరగతి జీవశాస్త్ర పుస్తకమున జీర్ణక్రియను గూర్చిన అధ్యాయములో ఉండెడిది. పిల్లలపై చదువుబరువు తగ్గింపదలచిన పెద్దలు ఆ అధ్యాయమును పుస్తకమునుండి ఊడబెరికిరి. 2024 నాటి నీట్ పాఠ్యప్రణాళికనుండియు అది రాలిపోయినది. కప్పయొక్క అంగనిర్మాణమును మాత్రము నిలిపిరి. మనిషి నోటికి లేని యోగము కప్పకు పట్టినదన్నమాట.

దీని ఫలమును నేను కన్నులార చూచితిని. మా పొరుగింటి ముసలమ్మ, తెల్లవారగనే చూపుడువ్రేలితో గుడాఖు అను పొగాకుముద్ద అద్దుకొని చిగుళ్ళపై రుద్దుకొనుచు అరుగుపై కూర్చుండునది, ఒకనాడు చెంపకు చేయి ఆనించుకొని మనుమని పిలిచినది.

“ఒరే గుంటడా, పళ్ళ డాక్టరు సదువంటన్నావు గదా, నా దౌడపన్ను రేతిరంతా సలుపుతోంది. ఏటి సెయ్యాలో సెప్పు.”

“అది సిలబస్సులో లేదు మామ్మా.”

“మరి రేతిరంతా లైటేసుకుని ఏటి సదువుతన్నావురా?”

“కప్ప.”

ముసలమ్మ మరి మాటాడలేదు. గుడాఖు డబ్బా మూత బిగించి లోనికి పోయినది.

రెండవ ఉపదేశము రహస్యరక్షణకు సంబంధించినది. మన దేశమున దంతవైద్యమునకు వేరు పరీక్ష లేదు. ఎంబీబీఎస్‌కును బీడీఎస్‌కును ఒకటే ద్వారము. కావున తాను దంతవైద్యమునకై చదువుచున్నానని బంధువులయెదుట నోరుజారుట అభ్యర్థికి తగదు, అట్లన్నచో “అదేమిరా, మెడిసిన్ రాదనుకొంటివా?” అని పరామర్శకు వచ్చినట్లు మాటాడుదురు. ఫలితములు వచ్చువరకు మెడిసిన్ అనవలెను. వచ్చిన తరువాత, చిన్ననాటినుండియు డెంటలే తన ప్రాణమని గంభీరముగా పలుకవలెను. నడుమ ఒకటి రెండు సంవత్సరములు విశాఖపట్నముననో విజయవాడననో లాంగ్ టర్మ్ కోచింగు అను పేర వనవాసము చేయుట ఆచారము. తెలుగున దంతమునకును సర్కారువారు వసూలు చేయు సుంకమునకును పన్ను అనునది ఒక్కటే మాటగా ఏల నిలిచినదో హాస్టలు ఫీజు కట్టు తండ్రికి విడమరచి చెప్పనక్కరలేదు. మార్కులు పుష్కలముగా వచ్చినచో కోరాపుట్‌లోనే 2017లో వెలసిన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్యకళాశాలలో చేరి, ఆదివారము ఇంటికి వచ్చి అన్నము తినవచ్చును; కొంచెము తగ్గినచో ప్రభుత్వ దంతకళాశాలను వెదుకుకొనుచు కటక్ పోవలెను. మార్కులు తరిగినకొలది మార్గము పెరుగునను సూత్రము ఏ భౌతికశాస్త్ర గ్రంథమునను కానరాదు.

ఇక భాషావిషయము. ఇది కొంత విస్తరించి చెప్పవలసినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమగువరకు ఈ సీమయంతయు మద్రాసు రాజధానిలో విశాఖపట్నము జిల్లాకు చేరియుండెడిది. 1992లో రాయగడ వేరు జిల్లా అయినది. గీతలు కదలినను నోళ్ళు కదలలేదు గావున, మన అభ్యర్థి ఇంట తెలుగును, బడిలో ఒడియాను, సంతలో దేశియాను మాటాడుచు, పరీక్షను ఇంగ్లీషున వ్రాయుటకు సిద్ధపడును. తెలుగు ప్రశ్నపత్రము కలదు గదా యని ఎవరైన అందురేమో! కలదు, కాని అది ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల కేంద్రములలోనే దొరకును. ఒడిశా కేంద్రములలో ఒడియా, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషులే గతి. అనువాదమున సందేహము కలిగినచో ఇంగ్లీషు ప్రతియే ప్రమాణమట. దంతమను మాట మాత్రము తెలుగు, ఒడియా రెండు భాషలవారికిని సంస్కృతము పంచిపెట్టిన ఉమ్మడి ఆస్తి. దానిపై ప్రశ్న యుండినచో భాషాభేదము లేకుండ అందరును వ్రాయగలిగెడివారు. ఆ భయముననే కాబోలు, ఆ ప్రశ్నయే లేకుండ చేసిరి.

స్థానికత ముచ్చట ఇంతకన్న రసవత్తరము. జయపురము మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ధారాళముగా ధనమిచ్చినవాడు. వాల్తేరున సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టిరి. ఆ మహారాజు ఏలిన సీమలో పుట్టిన కుఱ్ఱడు మాత్రము ఆంధ్రలో నాలుగేండ్లు వరుసగా చదివినగాని స్థానికుడు కాడు. దాత ఇంటివాడు, దాత మనుమలు పొరుగువారు! కావున అభ్యర్థి తహసీల్దారు కార్యాలయమున నివాసధ్రువపత్రమునకై నిలుచుటకు భౌతికశాస్త్రమునకు కేటాయించినన్ని దినములు కేటాయించుకొనవలెను.

చదువుటకు ఉత్తమస్థానము ఏది? కోరాపుట్, రాయగడల నడుమ రైలే. కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్ రోడ్, టికిరి స్టేషన్ల మీదుగా పోవు ఈ మార్గము కొండలను తొలుచుకొని పోవును. దీపములు వెలుగని పెట్టెలో కూర్చున్నచో సొరంగము వచ్చినప్పుడెల్ల పుస్తకము కనబడకుండ పోవును. వెలుతురున చదివినదానిని చీకటిలో మననము చేసికొనుటకు రైల్వేవారు ఉచితముగా కల్పించిన సౌకర్యమిది; ఇట్టిది ఏ కోచింగు సెంటరులోను లేదు. భువనేశ్వరము పోవు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఇంకొక విధమైన పాఠము చెప్పును. ఒడిశాలో ఎక్కినవానిని ఒడిశాకే చేర్చు ఆ బండి నడిరాత్రివేళ పార్వతీపురము, బొబ్బిలి, విజయనగరములమీదుగా, అనగా తెలుగు ప్రశ్నపత్రము పంచు నేలమీదుగా, గాఢనిద్రలోనున్న మన అభ్యర్థిని మోసికొనిపోవును. లేపవలదు. లేపినను అచట దిగి వ్రాయుటకు లేదు.

పుస్తకములు కొత్తవి మాత్రమే కొనుట అవివేకము. 2024లో పరమాణువులను గూర్చిన ఒక ప్రశ్నకు కొత్త పుస్తకమును నమ్మినవారు ఒక సమాధానమును, అన్నగారి పాత పుస్తకమును నమ్మినవారు వేరొకదానిని గుర్తించిరి. మొదట రెండింటికిని మార్కులిచ్చిరి. పిదప సుప్రీంకోర్టు ఢిల్లీ ఐఐటీ పండితులనడిగి ఒకటియే సరియని తేల్చినది. సత్యము ఎన్నవ ముద్రణలోనిదో తెలియని కాలమున రెండును దగ్గరనుంచుకొనుటయే మేలు. పైగా పాతదానిలో పళ్ళున్నవి.

సరియైన సమాధానమునకు నాలుగు మార్కులు వేసి, తప్పునకు ఒకటి కోయుదురు. నాలుగు ఎంపికలలో కన్నులు మూసికొని ఒకటి గుర్తించువాడు సగటున ప్రశ్నకు పావు మార్కు గడించును. 180 ప్రశ్నలును అట్లే చేసినచో 45 మార్కులు. రాయగడ దేవత మజ్జిగౌరమ్మకు మ్రొక్కుకొనినచో ఇంకను ఎంత కలియునో గణితమునకు అందదు. పరీక్షనాడు మధ్యాహ్నము ఒకటిన్నరకు తలుపు మూయుదురు గావున, ఉదయమే పోయి ఎండలో నిలువవలెను. బూట్లు కూడవు, చెప్పులే. నిడుపాటి చేతుల చొక్కా కూడదు. కలము కూడ వారే ఇత్తురు. జీవితమున ఇంతటి నిరాడంబరత్వము సన్న్యాసాశ్రమమున గాని సాధ్యము కాదు.

చేతిపని నేర్వవలెనా యని కొందరడుగుదురు. అమెరికాలో ఒకప్పుడు దంతవైద్యాభ్యర్థులచేత సుద్దను, కెనడాలో సబ్బును చెక్కించి చూచెడివారు. ఇచట ఆ బాధ లేదు; గుండ్రని గడిని నల్లని సిరాతో నింపుటయే హస్తకౌశలము. మైనముతో దంతములు మలచుట సీటు వచ్చిన తరువాత మొదటి సంవత్సరమున నేర్పుదురు. వ్రేళ్ళు వణకువాడైనచో ఆ సంగతి అప్పుడు బయటపడును. అప్పటికి ఫీజు కట్టియే యుండును.

ముసలమ్మ కథ ముగియలేదు. మనుమడు పరీక్ష వ్రాసి వచ్చిన వారమునకు ఆమె ఆసుపత్రికి పోయి దవడపన్ను తీయించుకొని, దానిని వార్తాపత్రిక ముక్కలో మడిచి తెచ్చినది. కుఱ్ఱడు అరుగుపై కూర్చుండి దానిని అరచేతిలో అటు నిటు త్రిప్పి చూచెను. క్రింద రెండు వేళ్ళు. ఒకదాని కొన కొంచెము వంగియున్నది. గుడాఖు మరక పైన నల్లగా పేరియున్నది. ప్రక్కన గింజంత పుచ్చు. పళ్ళకు వేళ్ళుండునని తెలియునుగాని, అవి ఇంత పొడుగుండునని తెలియదనెను.

“దాసుకో,” అన్నది ముసలమ్మ, దూది కరచిపట్టిన నోటితోనే. “సీటొచ్చినాక సదువుకుందువు.”