పేపర్ మిల్స్ రోడ్డులో పాతిక డిగ్రీల సూర్యుడు

చెన్నై పెరంబూరులో పేపర్ మిల్స్ రోడ్ అని ఒకటుంది. ఏళ్ల తరబడి దాని మీద నడుస్తున్నాను. బట్టల కొట్లు, బిరియానీ కొట్లు, చెప్పుల కొట్లు కనబడ్డాయి గానీ కాగితం మిల్లు మాత్రం ఒక్కనాడూ నా కంటబడలేదు. మా మేడ మీద గదిలో అద్దెకుండే నరసరావుపేట కుర్రాడు వచ్చిన కొత్తలో ఆ బోర్డు చూసి ఆగిపోయాడు.

"ఏంటి బాబాయ్, ఇంత బాహాటంగా బోర్డు పెట్టేశారు?"

అతను సౌరశక్తి మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాళ్ల లోకంలో పేపర్ మిల్ అంటే దొంగ పరిశోధనా పత్రాలు వండి అమ్మే దుకాణమట. ప్రయోగం అక్కర్లేదు, ప్రయోగశాల అక్కర్లేదు, డబ్బు కడితే చాలు, పేరు అచ్చవుతుంది. మొదటి పేరుకు ఒక ధర, నాలుగో పేరుకు ఇంకో ధర. మన ఐసీఎఫ్ వాళ్లు 1955 నుంచి ఇక్కడ రైలు పెట్టెలు చేస్తున్నారు. వాళ్ల పాతరకం స్లీపర్ పెట్టెలో ఎంత కుదించినా 72 బెర్తులే. పత్రంలో బెర్తులకు ఆ ఇబ్బంది లేదు, వెయిటింగ్ లిస్టన్న మాటే ఉండదు.

నేనేదో అతిశయోక్తి అనుకున్నాను. 2023 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా పత్రాలు వెనక్కి తీసుకున్నారని, అందులో 8,000 పైచిలుకు హిందావీ అనే ఒక్క ప్రచురణ సంస్థవేనని చెప్పాడు. కాపీ కొట్టిన సంగతి కంప్యూటరు పట్టేయకుండా మాటలు మార్చే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయట. అవి 'కృత్రిమ మేధ'ను కాస్తా 'నకిలీ చైతన్యం' అని మార్చి పారేస్తే, 2021లో కబనాక్ అనే ఫ్రెంచి ఆయనా ఆయన జట్టూ ఇలాంటి చిత్రహింసల మాటలన్నీ ఏరి బయటపెట్టారట. నాకు మాత్రం ఆ సాఫ్ట్‌వేరు రాసినవాడి మీద గౌరవం కలిగింది. నకిలీ చైతన్యం కన్నా నిఖార్సయిన పేరు ఆ వ్యవహారానికి దొరకదు.

మా కుర్రాడు అలాంటివాడు కాదు లెండి. నిజంగా పనిచేస్తాడు. అదే అతని కష్టం.

మన పెద్దలు ఏ ఎండకా గొడుగు అన్నారు. సౌర పరిశోధకుల కోసమే అన్నారేమో. అతని గైడుగారు ఇరవై ఏళ్ల కిందట జట్రోఫా మనిషి. అడవి ఆముదంలోంచి డీజిలు తీసి దేశాన్ని నడిపిద్దామని 2003లో ప్రణాళికా సంఘమే నివేదిక ఇచ్చిన రోజులవి. డీజిలు రాలేదు, ప్రొఫెసరు పదోన్నతి వచ్చింది. 2010లో గ్రాఫీన్‌కు నోబెల్ రాగానే గ్రాఫీన్ మనిషయ్యారు. ఆ తర్వాత పెరోవ్‌స్కైట్ మనిషి. 2023 జనవరిలో కేంద్రం హరిత హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు ప్రకటించిన వారానికల్లా ఆయన గది తలుపు మీద బోర్డు ఆకుపచ్చగా మారిందట. గొడుగు మారిన ప్రతిసారీ కింద నిలబడ్డ విద్యార్థి మాత్రం తడుస్తూనే ఉంటాడు. ఎందుకంటే పీహెచ్‌డీ అయిదేళ్లది, గొడుగు మూడేళ్లది.

మొదట్లో అతనికి అప్పజెప్పింది రంగు సెల్. 1991లో స్విట్జర్లాండులో గ్రెట్జెల్ అనే ఆయనా ఓ రీగన్ అనే ఆయనా చేసి చూపించారు. తెల్ల పెయింటులో కలిపే టైటానియం డయాక్సైడ్ పొడికి రంగు పట్టించి ఎండలో పెడితే కరెంటు పుడుతుంది. వాళ్లు ఖరీదైన రుథేనియం రంగు వాడి, పడ్డ వెలుగులో 7 శాతాన్ని కరెంటుగా మార్చారు. రుథేనియం మనకెక్కడిది? మనకు పూలున్నాయి, కూరగాయలున్నాయి. అంతే, దేశంలో ప్రతి భౌతికశాస్త్ర విభాగమూ రైతు బజారు మీద పడింది. బీట్‌రూటుతో ఒక పత్రం, దానిమ్మతో ఒకటి, నేరేడు పండుతో ఒకటి, పాలకూరతో మరొకటి.

ఆ రోజుల్లోనే మా అమ్మ పూజకు పెంచుకున్న మందారాలు మాయం కావడం మొదలైంది. దొంగ దొరికాక ఆవిడ తిట్టలేదు. "దేవుడికి పెట్టాల్సినవి సూర్యుడికి పెడుతున్నాడా? పోనీలే అబ్బాయ్, ఆయనా దేవుడేగా" అంది.

"మందారం ఎప్పుడో చేసేశారు బామ్మగారూ" అని అతనే నిట్టూర్చాడు.

"గోంగూర?"

"అదీ అయిపోయింది. 2007లో థాయ్‌లాండ్ వాళ్లు చేశారు. ఎర్ర గోంగూరతో 0.37 శాతం వచ్చింది. శంఖపుష్పంతో 0.05. రెండూ కలిపితే 0.15."

గోంగూరలో ఇంకోటి కలిపితే గోంగూర చెడుతుందని తెలియడానికి మా ఇంట్లో ఎవరికీ ప్రయోగశాల అవసరపడలేదు.

తర్వాత పెరోవ్‌స్కైట్. ఇది నిజంగా గొప్ప పదార్థం, వెటకారం కాదు. 2009లో జపాన్‌లో మియసాకా బృందం మొదలుపెట్టినప్పుడు 3.8 శాతం ఇచ్చింది, పదిహేనేళ్లు తిరిగేసరికి 26 దాటింది. సిలికాన్‌కు అంత దూరం రావడానికి, 1954లో బెల్ ల్యాబ్స్ వాళ్లు 6 శాతంతో మొదలుపెడితే, అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఒక్కటే లోపం, చెమ్మ తగిలితే కరిగి పాడైపోతుంది. అందుకని నైట్రోజన్ నింపిన గాజుపెట్టెలో, రబ్బరు తొడుగుల్లోంచి చేతులు దూర్చి, పురుడు పోసినట్టు చేస్తారు. చెన్నై ఉక్కలో వేయించిన అప్పడం డబ్బాలోంచి తీసిన గంటకే మెత్తబడుతుంది. ఈ ఊళ్లో కూర్చుని ఇది చేస్తున్నారంటే ధైర్యం మెచ్చుకోవాలి. ఒకసారి మా కుర్రాడు తన సెల్ చూపిస్తానని చిమటాతో పట్టి తెచ్చాడు. కళ్లజోడు తెచ్చుకున్నాక కూడా చాలాసేపు వెతికాను. రికార్డు కొట్టిన సెల్‌లు చాలావరకు పదో వంతు చదరపు సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటాయట. మా అమ్మ పెట్టే మినప వడియం అంతకు చాలా రెట్లు పెద్దది, చెమ్మకు అంతకన్నా ఎక్కువకాలం ఆగుతుంది కూడా.

ఇంతకీ ఆ సెల్ ఎండలో ఎంత ఇస్తుందని అడిగాను.

"ఎండలో పెట్టలేదు బాబాయ్. సిమ్యులేటర్‌లో పెట్టాం."

ఇక్కడే నాకు జ్ఞానోదయమైంది. ఏసీ గదిలో జినాన్ దీపం ఒకటి పెట్టి దాన్నే సూర్యుడనుకుంటారు. పంచాంగంలో డొల్లు కర్తరి, నిజ కర్తరి అని రెండున్నాయి గదా, ఇది మొదటి రకం. ఈ దీపపు సూర్యుడికి శాస్త్రం ప్రకారం లక్షణాలు రాసిపెట్టి ఉన్నాయి. చదరపు మీటరుకు 1,000 వాట్లు ఇవ్వాలి. సెల్ ఒంటి వేడి 25 డిగ్రీలే ఉండాలి. సూర్యుడు నడినెత్తి నుంచి 48 డిగ్రీలు వాలి ఉండాలి, పలక 37 డిగ్రీలు వంగి ఉండాలి. ఈ 37 అమెరికా భూభాగపు సగటు అక్షాంశం చూసి పెట్టుకున్నది. పెరంబూరు 13 దగ్గరుంది. మనకు ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి సూర్యుడు తిన్నగా నెత్తి మీదికొచ్చి నీడను అరికాళ్ల కింద దాచేస్తాడు. అంత దగ్గరి చుట్టాన్ని వదిలేసి ఎక్కడో అమెరికాలో ఉన్న ఆయన పెదతండ్రి కొడుకుని పిలిచి కుర్చీ వేస్తున్నారు.

కొలబద్ద అంటూ ఒకటి ఉండాలి, లేకపోతే జపాన్ సెల్‌నీ జర్మనీ సెల్‌నీ పోల్చేదెలా అంటారు. ఒప్పుకుంటాను. కొలబద్దతో నాకు తగాదా లేదు. దాన్నే ఊరనుకుని అక్కడ కాపురం పెట్టేసిన వాళ్లతోనే పేచీ. బయటికొచ్చి కొలిచేవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు మరి. పళ్లికరణైలోని జాతీయ పవన శక్తి సంస్థ గాలితో ఆగకుండా దేశమంతటా ఎండను కొలిచే కేంద్రాలు పెట్టింది. ఐసీఎఫ్ ఏ సిద్ధాంతమూ ప్రకటించకుండా తిరునెల్వేలి ప్రాంతంలో పదిన్నర మెగావాట్ల గాలిమరలు పాతుకుని తన కరెంటు తాను చూసుకుంటోంది. కానీ దుమ్ము మీద, కాకిరెట్ట మీద పనిచేసేవాడికి మంచి జర్నల్లో చోటు దొరకదట.

రోషమొచ్చి మా మిద్దె మీద పలకలు పెట్టించాను. రెండు నెలలకు 100 యూనిట్లు సర్కారు ఊరికే ఇచ్చే రాష్ట్రంలో ఇదేం పిచ్చని చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రాయితీ ఉందని చెప్పాక నవ్వడం మానేసి నంబరు అడిగారు. ఆరు పలకలు, నడుమెత్తు స్టాండు, 13 డిగ్రీల వాలు. "ఇదుగో నిజ కర్తరి, కొలుచుకో" అన్నాను. కుర్రాడికి ప్రాణం లేచొచ్చింది. ఏప్రిల్లో మీటర్లు, సెన్సర్లు, తీగలు బిగించి నిమిష నిమిషానికీ లెక్క రాయించాడు. మే నెల మధ్యాహ్నం పలక వీపు 64 డిగ్రీలు చూపించింది. ఒక్కో డిగ్రీకి 0.4 శాతం చొప్పున సిలికాన్ నీరసపడుతుంది. అంటే కంపెనీవాడు కాగితం మీద రాసిచ్చిన దాంట్లో దాదాపు ఆరో వంతు ఎండే తాగేసిందన్నమాట. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువొస్తుందనుకునే నాబోటివాడికి ఈ ఒక్క ముక్కా అచ్చేసి పంచిపెట్టినా పుణ్యమే.

కానీ అంత తేలికైన ముక్క పత్రానికి పనికిరాదన్నారు గైడుగారు. కొత్తదనం ఉండాలిట.

కొత్తదనం దానంతట అదే వచ్చింది. రోజూ పొద్దున పదింటికి దిగుబడి ఢామ్మని పడిపోతోంది, సాయంత్రానికి లేస్తోంది. మబ్బు లేదు. చెట్టు నీడ లేదు. తీగలు మార్చాడు, మీటరు మార్చాడు. ఆఖరికి నకిలీ చైతన్యాన్ని పిలిచాడు. అది రెండు నెలల లెక్కలూ నమిలి ఒక రహస్యం కక్కింది: పక్షానికి ఒక్క రోజు మాత్రం దిగుబడి పడిపోవడం లేదు, ఆ రోజుకీ చంద్రుడి కళకూ గట్టి సంబంధం ఉంది. గైడుగారు కుర్చీలోంచి లేచి కుర్రాడి భుజం తట్టారట. 'సౌర పలకల దిగుబడిపై చంద్రకళల ప్రభావం' అని పత్రం తయారైంది.

నేను మిద్దె మీదికెళ్లి చూశాను. పలకల మీద నాన్నగారి పాత పంచె పరిచి, వరసగా గుమ్మడి వడియాలు. స్టాండు కోసం అమ్మ వడియాల చోటు మనమే లాక్కున్నాం, ఆవిడ పైఅంతస్తుకు మారింది. గాజు కింద వేడి, పైన ఎండ, రెండు రోజుల్లో ఎండాల్సినవి ఒక్క రోజులో గలగలమంటున్నాయని మురిసిపోతోంది. పలకలో సెల్‌లన్నీ ఒకే వరసన కట్టిన ఎడ్లలాంటివి, ఒకటి మొరాయిస్తే మిగతావీ నిలబడిపోతాయి. ఇక ఏకాదశినాడు ఆవిడకు ఉపవాసం. ఆ రోజు రుబ్బురోలు తాకదు.

పరుగెత్తుకెళ్లి చెప్పాను. కుర్రాడు నీరుగారిపోయాడు. కాసేపటికి తేరుకుని, "వడియాలకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేదు బాబాయ్. చంద్రుడికి ఉంది" అన్నాడు.

"అబద్ధం కదయ్యా?"

"గైడుగారు పంపించేశారు. మొన్న ఆయన ఫ్లెక్సీ కూడా కట్టారు, స్టాన్‌ఫర్డ్ జాబితాలో టాప్ రెండు శాతం శాస్త్రవేత్త అని. ఇప్పుడు వడియాలంటే బావుండదు."

సెల్ రెండు శాతం తేకపోతే పారేస్తారు, మనిషి రెండు శాతంలోకొస్తే ఫ్లెక్సీ కడతారు. ఆ పత్రం అచ్చయితే మళ్లీ మన డబ్బుతోనే కొని చదవాలి. ఒకే దేశం ఒకే చందా అని మూడేళ్లకు 6,000 కోట్లు ఇప్పటికే తీసిపెట్టారు. వడియాల బస్తా ఎంతకొస్తుందో లెక్కేయబోయి మానేశాను.

పోయిన వారం ముగ్గురు పరిశీలకుల అభిప్రాయాలూ వచ్చాయి. మొదటాయన తను రాసిన ఏడు పత్రాలను తప్పక ప్రస్తావించమన్నాడు. రెండో ఆయన ఇంగ్లీషు సరిచేయమన్నాడు. మూడో ఆయన మాత్రం శ్రద్ధగా చదివాడు. చంద్రుడి భాగం ఆసక్తికరంగా ఉందట. ఆయనకు నమ్మశక్యం కానిది ఒక్కటే, పలక 64 డిగ్రీలకు చేరడం. కొలతలో పొరపాటు జరిగి ఉంటుంది, 25 డిగ్రీల దగ్గర మళ్లీ కొలిచి పంపండి అని రాశాడు.

రాత్రి భోజనాలయ్యాక కుర్రాడు దిగాలుగా కిందికొచ్చాడు. పెరంబూరులో ఈ పలకలు 25 డిగ్రీలకు ఎప్పుడొస్తాయి బామ్మగారూ అని అమ్మనే అడిగాడు. ఆవిడ తడుముకోలేదు. మార్గశిరం రానీ, తెల్లవారుజామున గుళ్లో మైకు పెట్టే వేళకు చెయ్యి వేసి చూడు, చల్లగా ఉంటాయి అంది.

"నాలుగింటికా? అప్పుడు ఎండుండదు కదండీ."

"ఎండ సంగతి ఆయన అడిగాడా?"

కుర్రాడు మూడో ఆయన ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. ఫోన్‌లో డిసెంబరు తీసి అలారం పెట్టుకున్నాడు.