స్టోరేజీ అన్న

హైటెక్ సిటీలో ఏ పెద్ద ఆఫీసుకి వెళ్లినా ఒక స్టోరేజీ అన్న తగులుతాడు. అసలు పేరు హెచ్‌ఆర్ వాళ్లకే తెలియాలి. మే నెలలోనూ స్వెట్టరేసుకుని సర్వర్ రూములోంచి బయటికొస్తాడు. నెట్‌వర్కు అవతలున్న డిస్కుని సొంత డిస్కులా వాడుకోనిచ్చే ఐ-స్కజీయే ఆయనకు వేదం. దాని నియమావళి, 2004 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3720, ప్రింటు తీసి బల్లమీద పెట్టుకున్నాడు. 2014లో 7143 వచ్చి దాన్ని రద్దు చేసింది గానీ, అన్న చేయలేదు.

"అన్నా, డిస్కు రావట్లేదు!" అని కొత్త కుర్రాడు పరుగెత్తుకొస్తే, అన్న టీ ఊదుకుంటూ అడుగుతాడు: "డిస్కునిచ్చే టార్గెట్ ఏ క్లాసు ఎర్రరిచ్చింది?"

"రెండు."

"అయితే తప్పు మనదే తమ్ముడూ. పాస్‌వర్డు చూసుకో, ఊరికే తలుపు బాదకు. మూడిస్తే మన తప్పేం లేదు, దానికే ఇప్పుడు వీలుకాదు. కాస్త ఆగి మళ్లీ అడగొచ్చు. ఓపెన్-ఐస్కజీ సాఫ్ట్‌వేర్ వాళ్లు 15 సెకన్ల గడువుతో 8 సార్లని పెట్టారు. అంటే రెండు నిమిషాలు. అంతకు మించి బతిమాలితే పరువు తక్కువ."

కుర్రాడు హుషారుగా టార్గెట్‌లోకి లాగిన్ కావడానికి సొంత ప్రోగ్రాం రాశాడు. లాగిన్‌లో పంపే ప్రతి సందేశానికీ కమాండ్ నంబరు ఒకటి పెంచాడు. అన్నకి టీ పొలమారింది.

"లాగిన్‌కి నంబరు ఖర్చవదురా! 123తో మొదలుపెడితే లాగిన్ అయ్యేదాకా అన్నీ 123యే. లోపలికెళ్లాక మొదటి అసలు కమాండూ 123యే. నువ్వు 124 పంపితే టార్గెట్ తిట్టదు, పొమ్మనదు. పెళ్లి పంక్తిలో పెద్దాయన రాలేదని వడ్డన ఆపినట్టు, 123 కోసం చూస్తూ కూర్చుంటుంది."

ఏ నంబరు దాకా తీసుకోగలదో టార్గెట్ ముందే చెబుతుంది. ఆ హద్దు దాటి వచ్చినదాన్ని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. అన్నకీ అదే అబ్బింది. ఇంట్లో వదిన కరివేపాకు, కరెంటు బిల్లు, బావమరిది పెళ్లిచూపులు ఒక్క ఊపిరిలో చెబితే, రెండోదాని తర్వాత ఆయనకేదీ వినబడదు. ఆవిడ తక్కువదా? ఈమధ్య ప్రతి మాటా "అర్జెంటు" అనే మొదలుపెడుతోంది. ఇమ్మీడియట్ కమాండుకి ఆ హద్దు వర్తించదని నోరుజారి చెప్పింది ఈయనే.

ఏటా ఏప్రిల్‌లో అన్న జీతం సంగతి అడగడానికి మేనేజరు గదిలోకి వెళ్తాడు. "మీలో లోపమేం లేదండీ, ఇప్పుడు బడ్జెట్ లేదంతే" అంటాడాయన. అన్న వెలిగిపోతూ బయటికొస్తాడు. "క్లాస్ త్రీ! మన తప్పు కాదు, మళ్లీ అడగొచ్చు!"

"ఇంతకీ అంకె పెరిగిందా అన్నా?"

"చెప్పానుగా తమ్ముడూ, లాగిన్‌లో ఉండగా నంబరు పెరగదని."