రిచ్‌మండ్‌లో వెలసిన వెయిటేజీ

వర్జీనియాలోని షాంటిలీ తెలుగు తండ్రులకు రిచ్‌మండ్‌లోని రాష్ట్ర శాసనసభ ఎట్టకేలకు న్యాయం చేసింది. ఇన్నాళ్లూ అమ్మాయికి ఎస్‌ఓఎల్ అనే రాష్ట్ర పరీక్షలో 430 వచ్చిందని చెబితే, ముద్దు పెట్టుకోవాలో ముఖం మాడ్చుకోవాలో తెలిసేది కాదు. మొత్తం 600. పాసుకు 400. అంటే అరవై ఆరు శాతం! మన దగ్గర అంత వస్తే ఫస్ట్ క్లాసు, వీధంతా స్వీట్లు. ఇక్కడ గట్టెక్కినట్టు, అంతే. 375 నుంచి 399 దాకా వచ్చినవాళ్లు వెంటనే మళ్లీ రాసుకోవచ్చు. సప్లిమెంటరీకి ఇంత మర్యాద ఉంటుందని మనకెవరు చెప్పారు?

2025లో డెలిగేట్ డాన్ హెల్మర్ తెచ్చిన హెచ్‌బి 1957 బిల్లు మీద అప్పటి గవర్నర్ యంగ్‌కిన్ సంతకం పెట్టారు. ఆ చట్టం ప్రకారం ఇక మార్కులు వందకు. ఏడో తరగతి నుంచి పన్నెండు దాకా ఆ మార్కులకు ఫైనల్ గ్రేడులో 10 శాతం వాటా.

వాటా అన్నారా? చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎంసెట్‌లో ఇంటర్‌కు పాతిక శాతం వెయిటేజీ లెక్కలు విన్న ప్రాణాలివి. ఇక్కడి థామస్ జెఫర్సన్ హైస్కూలుకు 2020లో ప్రవేశ పరీక్ష ఎత్తేసినప్పుడు కోచింగ్ సెంటర్లకు పట్టిన దిగులు ఇప్పుడు వదిలేలా ఉంది. ఒత్తిడి తగ్గిద్దామని పదో తరగతికి గ్రేడ్లు పెట్టుకున్న మనవాళ్లే, 2024 నవంబరులో తెలంగాణలో మళ్లీ మార్కులకు జై కొట్టారు. మార్కులకు వీసా అక్కర్లేదు లెండి.

పిల్లలకు ఆలోచన పెరుగుతుందా, పాఠం బాగుపడుతుందా అని అడిగే పెద్దమనిషి ఒకాయన మా రాజధాని మందిర్ ప్రసాదం లైన్లో కనిపించాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. అందరూ అంతకన్నా గంభీరమైన క్లాజు మీద ఉన్నారు: పరీక్షల్ని బడి ముగిసే చివరి రెండు వారాల్లోకి నెట్టాలట! మే నెలలో పరీక్షలైపోతే, ఆ తర్వాత క్లాసులో సినిమాలు చూపిస్తారు కాబట్టి, జూన్ మొదట్లోనే డల్లెస్‌లో విమానమెక్కి హైదరాబాద్‌లో దిగడం మనకు ఆనవాయితీ. ఆ చివరి వారాలకు టికెట్లు కొనే ముందు టీచరుకు ఈమెయిల్ పెట్టే అలవాటు కూడా లేదు. చట్టం రాసినవాళ్లు చర్చించారో లేదో గానీ, టికెట్ ధర తేడా ఎంత, 10 శాతం గ్రేడు విలువ ఎంత అని మన సాఫ్ట్‌వేర్ బుర్రలు అక్కడికక్కడే ఎక్సెల్ షీటు తెరిచాయి.

ఒక తమ్ముడైతే లైన్లోంచి పక్కకు జరిగి గుంటూరుకు ఫోన్ కలిపాడు.

"అమ్మా, చెల్లి పెళ్లి జూలైకి జరపలేమా? ఇక్కడ బాబుకి ఆల్జీబ్రా ఎస్‌ఓఎల్ ఉంది."

"ఆషాఢంలో పెళ్లేంట్రా, మతి పోయిందా? మీ గవర్నర్‌తో నేను మాట్లాడతా, నంబరివ్వు."